ఎలుగుబంటి మీద నింద

కిందటి వారం ట్వైలా ప్రూట్‌ని ఆసుపత్రి నడవాలో, తండ్రి పడుకున్న గది తలుపు బయట వదిలాం. ఆమె చేతిలో నర్సు ఇచ్చిన కాగితం సంచీ, సంచీలో తండ్రి చిరిగిన ప్యాంటు. ఆ చిరుగులో తన వేలికి గుచ్చుకున్నదేమిటో చూసుకుని, అడుగు ముందుకు పడక అక్కడే ఆగిపోయింది.

అసలు గొడవ బుధవారం మొదలైంది. ఆ సాయంత్రం మినెర్వా కాలిబాట మీద డెబ్భై ఒక్క ఏళ్ల ఆర్డెన్ ప్రూట్ పడి ఉండగా, నడకకు వచ్చిన ఇద్దరు చూశారు. చీలమండ విరిగింది. తొడ మీద మూడు పొడుగాటి గాట్లు. "ఎలుగుబంటా?" అని వాళ్లడిగితే ముసలాయన తలూపాడు. మర్నాడు ఆ బాట పక్కనే పెట్టిన ఇనప గొట్టం బోనులో ఒక ఆడ ఎలుగు పడింది. మనిషి మీద చెయ్యి చేసుకున్న ఎలుగుని బతకనివ్వకూడదని రాష్ట్రం వాళ్ల నియమం. ఆసుపత్రిలో గాయాలు ముందే శుభ్రంగా కడిగేశారు కనక పరీక్షకు పంపడానికేమీ మిగల్లేదు. మిగిలింది ఆర్డెన్ మాట ఒక్కటే. దాన్ని పట్టుకునే శనివారం మధ్యాహ్నం మూడు గంటలకి ఆ జంతువుకి ఆఖరి గడియ రాశారు.

ఇప్పుడు శనివారం. పన్నెండూ ఇరవై. ట్వైలా ఆ పార్కులోనే పందొమ్మిదేళ్లుగా రేంజరు.

తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

ఆర్డెన్ దిండుకి ఆనుకుని టీవీలో ఫుట్‌బాల్ ఆట చూస్తున్నాడు. కిటికీ గట్టు నిండా పరామర్శ కార్డులు. ఒకదాని మీద చర్చి పిల్లలెవరో ఆయన ఎలుగుబంటిని ముక్కు మీద గుద్దుతున్నట్టు బొమ్మ వేశారు. బొమ్మలో ఎలుగు కళ్ల చుట్టూ నక్షత్రాలు.

"రా తల్లీ. మనవాళ్లు చిత్తుగా ఓడిపోతున్నారు. చూడలేక కళ్లు మూసుకుని వింటున్నా" అన్నాడు.

ట్వైలా టీవీ కట్టేసింది.

"నాన్నా, ఎలుగు గోళ్లకి తుప్పు పడుతుందా?"

"అదేం ప్రశ్నే?"

ఆమె అరచెయ్యి చాపింది. చెయ్యి మధ్యలో చిటికెన వేలి గోరంత తుప్పు పెచ్చు.

"నీ ప్యాంటు చిరుగులో ఉంది. గుడ్డలో గుచ్చుకుని."

ఆర్డెన్ దానికేసి చూసి, గోడకేసి చూసి, మళ్లీ ఆగిపోయిన టీవీకేసి చూశాడు. "ఈ లోయలో చెట్ల కంటే ఇనుమెక్కువ. ఎక్కడ కూర్చున్నా అంటుకుంటుంది. దానికింత పంచాయతీ ఏమిటి?"

"ఎలుగు నీ మీదికి ఎటువైపు నించి వచ్చింది?"

"ఎడమ."

"నిన్న కుడి అన్నావు. గురువారం మా చీఫ్ ముందు వెనక నించి అన్నావు."

"చుట్టూ తిరుగుతూ వచ్చింది. నాట్యం చేస్తూ."

"నాన్నా!"

"ఏమే, నన్ను దొంగని అడిగినట్టు అడుగుతున్నావు? కూతురిగా వచ్చావా, రేంజరుగా వచ్చావా? ముందది తేల్చు."

"రెండూ ఈ ఒక్క ఒంటి మీదే ఉన్నాయి. ఒకటి విప్పి బయట పెట్టి రావడానికి లేదు" అని ట్వైలా కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

ఈ తండ్రితో గట్టిగా మాట్లాడి ఎవరూ ఏమీ సాధించలేదని ఆమెకు తెలుసు. గనిలో ముప్ఫయ్ ఏళ్లు పనిచేసిన మనిషి. పైకప్పు కూలబోయే ముందు వచ్చే చిన్న చప్పుడుకి చెవి పెట్టడం అలవాటైనవాడికి పెద్ద గొంతులు వినబడవు. అందుకని ఆమె గొంతు తగ్గించింది.

"దానికి పిల్లలున్నాయి."

ఆర్డెన్ ఆమె వైపు తిరిగాడు.

"రెండు. బోను పక్కన హెమ్లాక్ చెట్టెక్కి కూర్చున్నాయి. తల్లి బోనులో పడ్డప్పటి నించీ దిగలేదు, ఏమీ తినలేదు. వాటిల్లో చిన్నది ఏడుస్తోంది. ఎలుగుపిల్ల ఏడవడం ఎప్పుడైనా విన్నావా?"

"విన్నా." ఆయన చూపు దించాడు. "పసిబిడ్డ ఏడ్చినట్టే ఉంటుంది."

"ఉంటుంది."

తలుపు అవతల ఎవరో చక్రాల మంచం తోసుకుపోతున్నారు. ఆర్డెన్ దుప్పటి అంచుని వేళ్ల మధ్య మడతపెట్టడం మొదలెట్టాడు. మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు.

"ఎన్నింటికన్నావు?"

"మూడింటికి."

"తుపాకీయా?"

"సూది."

"ఇప్పుడెంతయింది?"

"పన్నెండున్నర దాటింది. ఇక్కణ్ణించి బోను దగ్గరికి నలభై నిమిషాలు. రంగు ఆకులు చూడ్డానికొచ్చిన కార్లన్నీ రోడ్డు మీదే ఉన్నాయి. గంట పట్టచ్చు."

ముసలాయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తెరిచాక కూతురి మొహంలోకి సూటిగా చూశాడు.

"అది నా దగ్గరికే రాలేదు తల్లీ. ఈ ఏడాది మొత్తం మీద నేను ఎలుగు మొహమే చూళ్లేదు."

కోపం రావాల్సింది ట్వైలాకి. రాలేదు. మూడు రోజులుగా ఛాతీ మీద కూర్చున్న బండ ఎవరో ఎత్తి అవతల పారేసినట్టయి, కుర్చీ వీపుకి చేరగిలబడి పెద్ద ఊపిరి పీల్చింది. తండ్రి అబద్ధమాడాడు. మంచిది. అబద్ధమైతే దిద్దుకోవచ్చు.

"మరి తలెందుకు ఊపావు?"

"నేనేం అనలేదు. ఆ కుర్రాళ్లే 'ఎలుగా' అన్నారు. నొప్పితో చస్తూ తలూపా. అంబులెన్సులో ఎక్కించేసరికి ఎలుగుతో కుస్తీ పట్టానన్నారు. ఆసుపత్రికొచ్చేసరికి గెలిచానన్నారు. పొద్దున్నే పాస్టరుగారొచ్చి ప్రార్థన చేశాడు. ఇంక ఎక్కడని దిగను?"

"నిజంగా ఏం జరిగింది?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. "ముందు నీ టోపీ తీసి పక్కన పెట్టు."

"పెట్టను. చెప్పు."

"శాంగ్ కోసం వెళ్లా."

ట్వైలా లేచి నిలబడింది. బండ దిగింది కదా, ఇప్పుడొచ్చింది కోపం.

"జిన్‌సెంగా? పార్కులోనా? పార్కులో ఆ వేరు ముట్టుకుంటే నేరమని నీకు తెలీదూ? నిరుడు ఇద్దర్ని సంచీలతో పట్టుకున్నది నేను! ఆ రోజు భోజనాల దగ్గర నువ్వే, 'శభాష్, దొంగ వెధవలకి బాగా అయింది' అన్నావు!"

"వాళ్లు దొంగ వెధవలే! పళ్లు ఎర్రబడకుండానే మొక్కలు పీకేశారు. నేనలా కాదు. పండిన మొక్కే తీస్తా, గింజలు ఆ గుంటలోనే పాతిపెట్టి మట్టి కప్పుతా. ఏడాదికి గుప్పెడు. సీసాలో విస్కీ పోసి నానబెట్టుకుని మోకాళ్లకి పుచ్చుకుంటా. మీ అమ్మ చేసినట్టే."

"గుప్పెడైనా నేరమే."

"ఎవడి లెక్కన? ఆ మడి మా నాన్న నాటింది. మినెర్వా గని వెనక, నీడ వాలులో. ఆయన నాటినప్పుడు మీ పార్కెక్కడుందే? మా ఇళ్లున్నాయక్కడ. కంపెనీ పోయింది, ఇళ్లు పోయాయి, చుట్టూ గీత గీసి బోర్డు పెట్టారు. గీత గీసినట్టు ఆ మొక్కలకెవరైనా చెప్పారా?"

ఇది వాళ్లిద్దరి మధ్యా కొత్త వాదన కాదు. కొలిక్కి వచ్చే వాదనా కాదు. ట్వైలా వేలెత్తి గడియారం చూపించింది.

"సరే, సరే. తవ్వుకుని వస్తూ అడ్డదారిన, గనిలో బొగ్గు పోసిపెట్టే పాత తొట్టి మీదుగా దిగా. ఆకులు రాలి నేలలాగే ఉంది. కింద తొట్టి మూత చెక్క. పుచ్చిపోయిన చెక్క. పదడుగులు లోపలికి పడ్డా. అడుగున మూడు బోల్టులు వరసగా పైకి పొడుచుకునున్నాయి. తొడ వాటి మీద జారింది." ఆర్డెన్ పెదవి కొస కొంచెం వంకర తిరిగింది. "గని మూసే ముందు ఆ తొట్టికి బోల్టులు బిగించిన వాళ్లల్లో నేనూ ఉన్నా. గట్టిగా బిగించాం. ఒక్కటీ ఊడలేదు."

"ఇదంతా బుధవారమే చెబితే ఏం పోయేది?"

"నీ ఉద్యోగం పోయేది! రేంజరు తండ్రి శాంగ్ దొంగ. పార్కు మూసేసిన చోటికి పోయి కాలిరగ్గొట్టుకున్నాడు. ఊళ్లో నీ మొహం చూసి నవ్వరూ? ఒక ఎలుగు మాట పడితే ఏమవుతుందిలే అనుకున్నా. దాన్ని పట్టుకోగలరనుకోలేదు. దానికి పిల్లలున్నాయని అంతకన్నా అనుకోలేదు."

ట్వైలా జేబులోంచి కేసులు రాసే పుస్తకం తీసింది. కలం మూత పంటితో లాగింది.

ఆర్డెన్ నోరు తెరిచాడు. "నాకా? నీ చేత్తోనా?"

"ఇంకెవరు రాసినా కూతురు వెనకేసుకొచ్చిందంటారు. నేను రాస్తే కాగితం నిలబడుతుంది. పూర్తి పేరు?"

"నీకు తెలీదా?"

"పద్ధతి ప్రకారం అడగాలి."

"ఆర్డెన్ లీరాయ్ ప్రూట్. రెండు ఈలు. నీకు చిన్నప్పుణ్ణించీ స్పెల్లింగ్ రాదు."

కేసు రాసింది. వెనక వైపు వాంగ్మూలం రాసింది: నా గాయాలు మినెర్వా గని బొగ్గు తొట్టిలోని ఇనప బోల్టుల వల్ల తగిలినవి, ఏ జంతువూ నన్ను తాకలేదు. ముసలాయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, ఒక చోట కామా పెట్టించి, సంతకం చేశాడు. నర్సు దొరికి సాక్షి సంతకం చేసేసరికి ఒకటిన్నర దాటింది. ఆ నర్సు కాగితం చూసి, కిటికీలో గుద్దుల బొమ్మ చూసి, నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది.

ట్రక్కులోకి ఎక్కుతూనే ట్వైలా రేడియో నొక్కింది. "చీఫ్, ట్వైలాని. ఎలుగు తప్పేమీ లేదు. మా నాన్న ఒప్పుకున్నాడు. ఆపండి."

కాసేపు గరగర. తర్వాత బోగ్స్ గొంతు. యాభై తొమ్మిదేళ్ల క్లేటన్ బోగ్స్ ఆ పార్కుకి చీఫ్ రేంజరు. ఏ మాటనీ తొందరపడి అనడు, అన్న మాట వెనక్కి తీసుకోడు.

"మాట మీద ఆపలేను ట్వైలా. రాష్ట్రం నించి సంతకంతో ఉత్తర్వుంది. నాకు కాగితం కావాలి. మూడింటిదాకా ఎవరినీ చెయ్యెత్తనివ్వను. ఆ తర్వాత నా చేతిలో లేదు."

"తెస్తున్నా."

లోయలోకి దిగే రోడ్డు పాము మెలికల్లా ఉంటుంది. ఆమె ముందు ఒక ఇల్లంత బండి. దాన్ని తోలేవాడు ప్రతి మలుపులోనూ ఆగి ఎర్రటి మేపుల్ చెట్లని ఫోటో తీసుకుంటున్నాడు. ట్వైలా దీపాలు వెలిగించి సైరను మోగించి దాన్ని దాటింది. కింద పట్టాల దగ్గరికి వచ్చేసరికి గేటు పడి ఉంది. రెండూ పన్నెండు. బొగ్గు రైలు. ఎప్పటిలాగే నత్తలాగా, తోకెక్కడుందో కనబడకుండా. పెట్టె వెనక పెట్టె. ఈ లోయలో పుట్టినవాళ్లందరికీ అన్నం పెట్టిన బొగ్గు అది. ఆమె తాతకీ, తండ్రికీ కూడా. ఆ రోజు మాత్రం ట్వైలా స్టీరింగు మీద పిడికిలితో కొడుతూ, దాని వంశాన్నంతా తిట్టింది. నూట నలభైకి పైన పెట్టెలు పోయాక గేటు లేచింది. రెండూ ఇరవై ఆరు. ఒంటిదారి వంతెన మీద ఎదురుగా వస్తున్న కారు సైరను విని పాపం వెనక్కి నడుపుకుంటూ పోయింది.

రెండూ నలభై ఎనిమిదికి మినెర్వా బాట మొదట్లో ట్రక్కాపి పరిగెత్తింది.

బోను ఒక చిన్న బండి మీద ఉంది. దాని పక్కన రాష్ట్రం నించి వచ్చిన పశువైద్యురాలు నోరీన్ వాట్స్ మడత బల్ల వేసుకుని కూర్చుంది. బల్ల మీద రెండు సీసాలు, సూది ఉన్న పొడుగాటి కర్ర. ఆమె సూది వైపు చూడ్డం లేదు. తలెత్తి హెమ్లాక్ కొమ్మల్లోకి చూస్తోంది. అక్కడ రెండు నల్లటి ముద్దలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. బోగ్స్ చేతులు కట్టుకుని బోనుకి అడ్డంగా నిలబడ్డాడు.

ట్వైలా రొప్పుతూ కాగితం ఆయన చేతికిచ్చింది.

బోగ్స్ చదివాడు. తిప్పి వెనక వైపు చదివాడు. మళ్లీ ముందు వైపు తిప్పాడు.

"నీ తండ్రి మీద నువ్వే కేసు రాశావా?"

"అవును చీఫ్."

"శాంగ్ కోసమా?"

"అవును."

"ఇది నేను రాయాల్సిన కేసు. సోమవారం నా పేరు మీదికి మారుస్తా. నువ్వు ఇంకెక్కడా సంతకం పెట్టకు." కాగితం మడిచాడు. తర్వాత మామూలు గొంతుతో అడిగాడు: "ట్వైలా, ఒక్కసారే అడుగుతా. ఈ పిల్లల మొహం చూసి ముసలాయన చేత ఈ మాట అనిపించలేదు కదా?"

ఆమె కాగితం సంచీ తెరిచి ప్యాంటు తీసింది. మూడు చిరుగులూ చూపించింది. చిరుగుకీ చిరుగుకీ మధ్య స్కేలు పెట్టి కొలిచినట్టు ఒకే ఎడం. అంచుల్లో తుప్పు మరక. నోరీన్ లేచి వచ్చి, వేలితో ఆ గుడ్డ తడిమి, తన నాలుగు వేళ్లూ పంజాలా వంచి దాని మీద పెట్టి చూసింది.

"ఎలుగు పంజాకి గోళ్లు అయిదు" అంది. "పైగా ఇంత తిన్నగా గీయదు. చిత్రకారిణి కాదు కదా. బుధవారమే ఈ ప్యాంటు నాకెవరైనా చూపించి ఉంటే..."

"మీకిది చాలుతుందా?" అన్నాడు బోగ్స్.

"చీఫ్, నేను పొద్దున ఏడింటి నించీ ఇక్కడ కూర్చుని ఏదైనా ఒక సాకు దొరకాలని దేవుణ్ణి అడుగుతున్నా. ఇది సాకు కాదు. సాక్ష్యం." నోరీన్ బండిలోంచి ఉపగ్రహం ఫోను తీసుకుని పై అధికారికి కలిపింది. కాగితం మొత్తం చదివి వినిపించింది. "అవునండి, సంతకం ఉంది... అవునండి, సాక్షి కూడా... లేదండి, కూతురే రేంజరు... అవునండి, కేసు కూడా ఆవిడే రాసింది..." చివరికి అవతలి మనిషి నవ్వినట్టున్నాడు. నోరీన్ ఫోను పెట్టేసి, రెండు సీసాలూ పెట్టెలో పెట్టి మూత నొక్కింది. ఆ చిన్న టక్ చప్పుడికే ట్వైలా కళ్లు చెమర్చాయి.

బోగ్స్ అందర్నీ తన ట్రక్కులోకి ఎక్కించి, తనూ ఎక్కి, బోను తలుపు తాడు కిటికీలోంచి లాగాడు. బోను ఇనప తలుపు పైకి లేచింది.

ఏమీ కాలేదు.

"చచ్చిపోలేదు కదా?" అంది ట్వైలా గుసగుసగా.

"ఆలోచిస్తోంది. ఆడది కదా" అంది నోరీన్.

ముందు ముక్కు వచ్చింది. గోధుమరంగు ముక్కు, గాలిని తడుముతూ. తర్వాత తల, తర్వాత ఆ భారీ నల్లటి భుజాలు. నేల మీద నాలుగు కాళ్లూ పెట్టి, ట్రక్కువైపు ఒక్క చూపు చూసి, బుస్సుమంది. ఆ చూపులో కృతజ్ఞతా లేదు, కోపమూ లేదు. మీతో నాకేం పని అన్నట్టుంది. హెమ్లాక్ మొదట్లోకి వెళ్లి నాలిక టక్కుమనిపించింది. పైనించి బెరడు రాలింది. పెద్ద పిల్ల ముందు దిగింది, సగం దిగి సగం జారి. చిన్నది కొమ్మ పట్టుకుని కాసేపు ఏడ్చి, ఇంక ఉండబట్టలేక ఒక్కసారి వదిలేసి తల్లి వీపు మీద దభీమని పడింది. తల్లి దాన్ని మూతితో ఒక్క తోపు తోసి, తలనించి తోకదాకా వాసన చూసి, గడ్డిలో కూలబడి పాలిచ్చింది. ముగ్గురు మనుషులు ఇరవై గజాల్లో ఉన్నారన్న లెక్క కూడా లేకుండా.

కాసేపటికి ట్వైలాకి పక్కనించి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. నోరీన్ అనుకుంది. కాదు, బోగ్స్. కిటికీ వైపు మొహం తిప్పుకుని టోపీతో చెంప తుడుచుకుంటున్నాడు.

"చలి" అన్నాడు.

"చలే" అన్నారు ఇద్దరాడవాళ్లూ.

ఎలుగులు వాలెక్కి చెట్లలో కలిసిపోయాక, బోగ్స్ వెనక పెట్టెలోంచి సుత్తి, మేకులు, నాలుగు పలకలు తీసుకున్నాడు. "ఆ తొట్టి దగ్గర ఇంకో ముసలాడు పడకముందే అడ్డం కొట్టి వస్తా. నువ్వు మీ నాన్న దగ్గరికి పో. నా తరఫున చెప్పు, జరిమానా తప్పదని. ఆ తర్వాత..." కొంచెం నవ్వాడు. "నిజం చెప్పినందుకు థాంక్సని చెప్పు."

ట్వైలా దారిలో బేకరీ దగ్గరాగి మాంసం ముక్కలు కూరిన పెపరోనీ రొట్టెలు అరడజను కట్టించుకుంది. పొద్దుట్నించీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఒకటి బండి నడుపుతూనే తినేసింది. కిటికీ దించి, పాట రాకపోయినా ఈల వేసింది. తండ్రి బతికున్నాడు. ఎలుగు బతికుంది. తన ఉద్యోగం ఉంటుందో లేదో తెలీదు, కానీ పోయినా తలెత్తుకునే పోతుంది. చాలా రోజుల తర్వాత ఆ లోయ ఆమెకి ఊపిరాడేంత వెడల్పుగా కనిపించింది.

ఆసుపత్రి గదిలో అయిదు గంటల ఎండ మంచం మీద పడుతోంది. ఆర్డెన్ ఆమె అడుగుల చప్పుడుకే లేచి కూర్చున్నాడు.

"వదిలేశారా?"

"వదిలేశారు."

"పిల్లలు?"

"దిగాయి. చిన్నది తల్లి వీపు మీద దూకింది."

ముసలాయన రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. భుజాలు అదిరాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. చేతులు తీశాక చూస్తే రెండూ ఉన్నాయి. ఆమె ఇచ్చిన రొట్టె అందుకుని ఒక్క కొరుకు కొరికి, "ఆసుపత్రి వాళ్ల జెల్లీ తినేకంటే ఎలుగు నోట్లో పడడమే నయం" అన్నాడు. కిటికీలోని గుద్దుల కార్డు తీసి దిండు కింద దాచేశాడు.

"చీఫ్ నీకు థాంక్స్ చెప్పమన్నాడు. జరిమానా కూడా తప్పదన్నాడు."

"కడతాలే. బోగ్స్ మంచివాడు. ఎక్కడున్నాడు, ఆఫీసులోనా?"

"లేదు, మినెర్వాకి వెళ్లాడు. తొట్టికి పలకలు కొట్టడానికి."

ఆర్డెన్ చేతిలోని రొట్టె దుప్పటి మీద పడింది.

"ఎప్పుడు? ఇవాళా? సోమవారం కదా వెళ్లాలి? శనివారం సాయంత్రం ఎవడైనా పలకలు కొడతాడా?"

"ఏమైంది నాన్నా?"

"తలుపెయ్యి."

ఆమె వేసింది. ఆయన ఆమె మణికట్టు పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"మధ్యాహ్నం నీకు చెప్పిందంతా నిజమే. కానీ సగం నిజం. పదడుగుల తొట్టిలో కాలిరిగి పడ్డవాణ్ణి బాట మీదికెలా వచ్చానని నువ్వు అడగలేదు. అడగకపోతే బాగుండునని నేనూ దేవుడికి మొక్కుకున్నా."

నిజమే. అడగలేదు. గడియారం చూసుకుంటూ ట్వైలా ఆ మాటే మర్చిపోయింది.

"ఒక పిల్ల లాగింది నన్ను. పాత గని తాడు చెట్టుకి కట్టి. కర్రలు పెట్టి కాలు కట్టింది. బండెడు మనిషిని, భుజమిచ్చి అరమైలు నడిపించింది. నడకవాళ్ల గొంతులు వినబడగానే నన్ను కూర్చోబెట్టి పొదల్లోకి తప్పుకుంది. తొట్టి పక్కన దీపాల గది లేదూ, మేం గనిలోకి దిగేముందు దీపాలు తీసుకునే రాతి గది? అందులో ఉంటోంది. ఒక్కతీ."

"ఎవరు నాన్నా?"

"టెస్సా."

టెస్సా బోగ్స్. చీఫ్‌కి ఒక్కగానొక్క కూతురు. ఇరవై ఆరేళ్లది. మోకాలి ఆపరేషన్ తర్వాత నొప్పి మాత్రలకి బానిసై, ఇంట్లో వస్తువులమ్మి, నిరుడు నవంబరులో మాయమైపోయిన పిల్ల. ఈ వెస్ట్ వర్జీనియా కొండల్లో అలా మాయమైనవాళ్లు మళ్లీ కనబడేది శవాలుగానేనని ఊళ్లో అందరికీ తెలుసు. బోగ్స్ ఒక్కడే ఒప్పుకోలేదు. నెలనెలా ఆమె ఫోటోతో 'కనబడుటలేదు' అన్న కొత్త కాగితం లోయలోని ప్రతి బాట మొదట్లోనూ తనే మేకు కొట్టి పెట్టేవాడు.

"బతికుందా?" అంది ట్వైలా. "నాన్నా, బతికుందా!"

"బతకడమా? నీకంటే గట్టిగా ఉంది. బుధవారానికి డెబ్భై ఆరు రోజులైందట, మాత్ర ముట్టుకోక. ఊళ్లో ఉంటే తన మీద తనకే నమ్మకం లేదని అక్కడికొచ్చి కూర్చుంది. తొంభై రోజులు నిండాక తనే నడిచి వెళ్లి తండ్రి ముందు నిలబడుతుందట. అంతకుముందు ఆయన కంటబడితే, ఆ మొహం చూసి ఏమైపోతానో తెలీదంది. మీ అమ్మ సమాధి మీద ఒట్టేయించుకుంది, ఎవరికీ చెప్పొద్దని. అందుకే తొట్టి మాటెత్తలేదు. అటు ఆ పిల్ల, ఇటు ఎలుగు. ఇవాళ మూడింటికి ఒకదాన్ని ఎంచుకోవాల్సొచ్చింది. సోమవారం లోపల నిన్ను పంపి దాన్ని అక్కణ్ణించి తప్పిద్దామనుకున్నా."

ట్వైలా భుజం మీద రేడియో గరగరలాడింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"ట్వైలా." బోగ్స్ గొంతు. దగ్గరగా, చాలా మెల్లగా. "దీపాల గదిలో ఉన్నా. ఇక్కడెవరో ఉంటున్నారు. పొయ్యి ఇంకా వెచ్చగా ఉంది. పక్క శుభ్రంగా మడతపెట్టి ఉంది."

ఆమె బొత్తాం మీద వేలు పెట్టింది. నొక్కలేదు. ఆర్డెన్ ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

రేడియోలో అడుగుల చప్పుడు, రాతి మీద బూటు గీసుకున్న చప్పుడు. మళ్లీ వచ్చినప్పుడు ఆ గొంతు చీఫ్ రేంజరుది కాదు.

"ట్వైలా... గోడ మీద బొగ్గుతో ఏదో రాసుంది. ఈ చేతిరాత నాకు తెలుసు."